ఇంట్లో కంప్యూటర్, హోస్టింగ్‌లో వెబ్‌సైట్: మాల్వేర్ రాకుండా ఏం చేయాలి, వస్తే ఎలా వదిలించాలి

చిన్న వెబ్‌సైట్ హ్యాక్ అయిందంటే చాలామంది వెంటనే హోస్టింగ్ కంపెనీ మీద పడతారు. అంతకంటే ముందు చూడాల్సింది ఆ సైట్‌లోకి రోజూ లాగిన్ అయ్యే కంప్యూటర్ని. స్కూలుదైనా, బట్టల షాపుదైనా, గుడి కమిటీదైనా చిన్న సైట్ చాలావరకు వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తుంది. దాన్ని చూసుకునే మనిషి కంప్యూటర్లోనే డీటీపీ పనీ, పిల్లల గేములూ, ఆన్‌లైన్ అప్లికేషన్లూ సాగుతుంటాయి. వీటిలో ఏదో ఒక దారిన పాస్‌వర్డులు దొంగిలించే మాల్వేర్ చొరబడితే బ్రౌజర్లో సేవ్ చేసినవన్నీ నిమిషాల్లో బయటికి పోతాయి. హోస్టింగ్ పాస్‌వర్డూ, సైట్ అడ్మిన్ పాస్‌వర్డూ వాటిలోనే ఉంటాయి. కాబట్టి ముందు కంప్యూటర్, తర్వాత సైట్. ఈ వరస తప్పితే సైట్‌ని ఎన్నిసార్లు శుభ్రం చేసినా లాభం లేదు, మార్చిన కొత్త పాస్‌వర్డ్ కూడా అదే దారిన పోతుంది.

క్రాక్ ఫైలు లోపల జరిగేది

డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా ఇస్తామనే ఫైల్, అంటే క్రాక్, తరచుగా పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌గా వస్తుంది. ఆ పాస్‌వర్డ్ పక్కనే నోట్‌ప్యాడ్ ఫైల్లో రాసి ఉంటుంది. అందరికీ చెప్పే పాస్‌వర్డ్ ఎందుకు పెట్టారంటే, తాళం వేసిన జిప్ లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు. అదే నోట్‌ప్యాడ్‌లో "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఇంకో సూచన ఉంటుంది. అలా ఆపి, అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగినప్పుడు ఎస్ నొక్కారంటే, ఇలాంటి ప్రోగ్రాములు ముందుగా చేసే పని డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) జాబితాలో తమకు మినహాయింపు రాసుకోవడం. ఆ తర్వాత మీరు డిఫెండర్ని మళ్ళీ ఆన్ చేసినా అది ఆ ఫోల్డర్ వైపు కన్నెత్తి చూడదు.

ఇది మీ కంప్యూటర్లో జరిగిందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేయండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి మేనేజ్ సెట్టింగ్స్ నొక్కండి. బాగా కిందికి జరిపితే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. మామూలు ఇంటి కంప్యూటర్లో ఈ జాబితా ఖాళీగా ఉండాలి. అందులో సీ డ్రైవ్ మొత్తమో, డౌన్‌లోడ్స్ ఫోల్డరో, పేరు తెలియని ఈఎక్స్ఈ ఫైలో కనిపిస్తే అప్పటినుంచీ ఆ కంప్యూటర్‌కి కాపలా లేనట్టే. వాటిని తీసేయండి. అదే పేజీలో రియల్ టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి. వెనక్కి వచ్చి అలౌడ్ థ్రెట్స్ కూడా తెరవండి. ఎప్పుడో ఎవరో అనుమతించిన మాల్వేర్ అక్కడ ఉంటుంది.

పాస్‌వర్డులు దొంగిలించే ఈ రకం మాల్వేర్‌లో లూమా, రెడ్‌లైన్ బాగా పేరుపడ్డవి. 2025 మార్చి 16 నుంచి మే 16 మధ్య లూమా పట్టిన విండోస్ కంప్యూటర్లు 3,94,000కు పైగా అని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ మే నెలలోనే పలు దేశాల పోలీసులతో కలిసి దాని డొమైన్లు (వెబ్ చిరునామాలు) సుమారు 2,300 మూయించింది. ఇలాంటివి పాస్‌వర్డుతో పాటు బ్రౌజర్ కుకీలను కూడా తీసుకుపోతాయి. కుకీ అంటే మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారని చెప్పే చీటీ. అది వాళ్ళ చేతికి చిక్కితే ఓటీపీ అడిగే ఘట్టమే రాదు. పాస్‌వర్డ్ మార్చాక "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" కూడా నొక్కమని చెప్పేది ఇందుకే.

క్రాక్ జోలికి పోనివాళ్ళకు ఇంకో వల ఉంది. ఏదో పేజీ తెరిస్తే "మీరు మనిషేనని నిరూపించుకోండి" అని వస్తుంది. బొమ్మలు ఎంచుకోమనడానికి బదులు విండోస్ బటన్‌తో ఆర్ (ఇది కమాండ్లు నడిపే రన్ బాక్స్‌ని తెరుస్తుంది), తర్వాత కంట్రోల్‌తో వీ, తర్వాత ఎంటర్ నొక్కమంటుంది. ఆ పేజీ అప్పటికే మీ క్లిప్‌బోర్డులో ఒక కమాండ్ పెట్టేసి ఉంటుంది, మీ చేత్తోనే దాన్ని నడిపిస్తుంది. మీరే నడిపారు కనుక బ్రౌజర్ హెచ్చరికలేవీ అడ్డురావు. నిజమైన క్యాప్చా ఏదీ రన్ బాక్స్ తెరవమని అడగదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పి ఉంచండి.

కంప్యూటర్లో మార్చాల్సిన సెట్టింగులు

ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి భాగాన్ని దాస్తుంది. అందువల్ల బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ అనే ప్రోగ్రామ్ మీకు బిల్లు.పీడీఎఫ్ అని కనిపిస్తుంది. ఐకాన్ కూడా పీడీఎఫ్‌దే పెట్టుకుని వస్తుంది. చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, వీబీఎస్, జేఎస్ ఉన్నవేవీ బిల్లులు కావు.

రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంట్ వాడండి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో కొత్తగా ఒక అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ చేసి దానికి గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. అందులోకి ఒకసారి లాగిన్ అయి, మీరు రోజూ వాడే పాత అకౌంట్‌ని స్టాండర్డ్‌కి మార్చండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడగడం కొంచెం చిరాకే, కానీ ఏదైనా తనంతట తాను ఎక్కబోతుంటే ఆ అడగడమే మిమ్మల్ని ఆపుతుంది.

రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే మాల్వేర్. విండోస్ సెక్యూరిటీలోని రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలోని ఫైళ్ళను నమ్మకం లేని ప్రోగ్రామ్‌లు మార్చలేవు. దీనివల్ల పాత డీటీపీ సాఫ్ట్‌వేరో అకౌంట్ల సాఫ్ట్‌వేరో "ఫైల్ సేవ్ కాలేదు" అని మొరాయించవచ్చు. అప్పుడు మొత్తం ఆఫ్ చేసేయకుండా, అలౌ యాన్ యాప్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే అనుమతివ్వండి. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే ఈ సదుపాయం పనిచేయదు. ఇంటి వాడకానికి డిఫెండర్ చాలు, రెండో యాంటీవైరస్ అక్కర్లేదు.

అప్‌డేట్ల సంగతికి వస్తే 2017 గుర్తుచేయాలి. విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ (దాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. మే 12న వనాక్రై అనే రాన్సమ్‌వేర్ అదే లోపాన్ని పట్టుకుని ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్ వేసుకోవడానికి దాదాపు రెండు నెలల గడువు ఉన్నా వేసుకోనివాళ్ళే నష్టపోయారు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాకపోతే, బ్రౌజింగ్‌కీ ఆఫీసు పనికీ విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం మంచి దారి. పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 వదల్లేని డీటీపీ షాపులు ఆ కంప్యూటర్‌కి నెట్ కేబుల్ తీసేయాలి. నెట్ పనంతా వేరే కంప్యూటర్లో చేసి, రెండింటి మధ్య ఫైళ్ళకు ఒక పెన్‌డ్రైవ్ ప్రత్యేకంగా పెట్టుకోవాలి. అది బయట ఎక్కడా పెట్టకూడదు.

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్ సంగతి వేరు. తెరవగానే మీ ఫైళ్ళు మాయమై, డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్ కనిపిస్తే దాన్ని నొక్కొద్దు. నొక్కితే ముందు వార్మ్ (తనంతట తాను పాకే మాల్వేర్) నడుస్తుంది, తర్వాతే మీ ఫోల్డర్ తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు, దాచేశారంతే. ఫోల్డర్ ఆప్షన్స్, వ్యూలో దాచిన ఫైళ్ళు చూపించమని పెట్టి, "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్ తీసేయండి. పేరే లేనట్టు కనిపించే ఒక ఫోల్డర్ బయటపడుతుంది, మీ ఫైళ్ళు చాలాసార్లు అందులోనే ఉంటాయి. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, కంప్యూటర్ని పూర్తిగా స్కాన్ చేయండి. ఆ టిక్ మళ్ళీ పెట్టేయండి.

అకౌంటెంట్ల ఆఫీసుల్లో ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది. ఇంటినుంచి ట్యాలీ చూసుకోవడానికి రౌటర్లో 3389 పోర్టు (బయటినుంచి లోపలికి దారి) తెరిచి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి వదిలేస్తారు. ఆ పోర్టు కోసం రాత్రింబవళ్ళు స్కాన్ చేసే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. దొరికితే పాస్‌వర్డులు వేలకొద్దీ ప్రయత్నిస్తాయి, రాన్సమ్‌వేర్ ముఠాలు ఎక్కువగా వాడే దారుల్లో ఇదొకటి. పోర్టు నంబర్ మార్చినంత మాత్రాన ఆగదు. రౌటర్లో ఆ ఫార్వర్డింగ్ తీసేసి, వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) పెట్టి దాని ద్వారా మాత్రమే రండి.

బ్యాకప్: తీసి పక్కన పెట్టిందే బ్యాకప్

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. అందులో కనీసం ఒకటి కంప్యూటర్‌కి తగిలించి ఉండకూడదు. ఎప్పుడూ యూఎస్‌బీకి వేలాడే హార్డ్‌డిస్క్‌ని రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌తో పాటే లాక్ చేస్తుంది. వారానికోసారి పెట్టి, కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టండి. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి సింక్ చేస్తాయి కనుక లాక్ అయిన ఫైళ్ళను కూడా అంతే నమ్మకంగా పైకి పంపుతాయి. పాత వెర్షన్‌కి వెళ్ళే వీలుంది కానీ గూగుల్ డ్రైవ్‌లో అది మామూలుగా 30 రోజులే. నెలకోసారి ఏదో ఒక ఫైల్‌ని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

కంప్యూటర్‌కి మాల్వేర్ పట్టిందని తెలిస్తే

ముందు వైఫై ఆపండి, కేబుల్ పీకండి. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్ నుంచి మార్చొద్దు. మీరు టైప్ చేసే కొత్తది కూడా వాళ్ళకు చేరుతుంది. శుభ్రమైన ఇంకో కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, హోస్టింగ్, డొమైన్, ఆ తర్వాత సోషల్ మీడియా వరసలో మార్చండి. ఈమెయిల్ ముందెందుకంటే మిగతా అన్నింటి రీసెట్ లింకులూ అక్కడికే వస్తాయి. ఈమెయిల్ సెట్టింగుల్లో ఎవరూ ఫార్వర్డింగ్ గానీ ఫిల్టర్ గానీ పెట్టలేదు కదా అని చూడండి.

తర్వాత డిఫెండర్‌లో స్కాన్ ఆప్షన్స్, ఆఫ్‌లైన్ స్కాన్. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ నడుస్తుంది, సుమారు 15 నిమిషాలు. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి ఇందులో దొరుకుతాయి. పాస్‌వర్డ్ దొంగ గానీ, రిమోట్ కంట్రోల్ మాల్వేర్ గానీ దొరికితే మాత్రం స్కాన్‌తో సరిపెట్టుకోవద్దు, విండోస్ మొత్తం కొత్తగా వేసుకోవడమే నమ్మదగ్గ పని. వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ తీసుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పాత పార్టిషన్లు చెరిపి వేయండి. అంతకుముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసుకోండి. చెరిపే ముందు పాత డ్రైవ్‌లోంచి ఫైళ్ళు తీయాల్సివస్తే అది లేకుండా తెరుచుకోదు.

ఫైళ్ళ పేర్ల చివర కొత్త తోక చేరి తెరుచుకోకపోతే అది రాన్సమ్‌వేర్. డబ్బు కట్టినా తాళంచెవి ఇస్తారన్న హామీ ఏమీ లేదు. యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు ఉచిత డిక్రిప్టర్లు (తాళం తీసే ప్రోగ్రామ్‌లు) ఉన్నాయి, అక్కడ వెతకండి. ఇప్పుడు లేకపోయినా లాక్ అయిన ఫైళ్ళను, బెదిరింపు నోట్‌ని ఒక డిస్క్‌లో దాచి ఉంచండి. కీలు తర్వాత ఎప్పుడో బయటపడిన సందర్భాలున్నాయి. బ్యాంకు డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ముందుకు కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.

వర్డ్‌ప్రెస్ సైట్‌కి కాపలా

కోర్ (వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్ళు), ప్లగిన్లు (అదనపు పనులకు చేర్చే ప్రోగ్రామ్‌లు), థీమ్ (సైట్ రూపం) మూడింటికీ ఆటో అప్‌డేట్ ఆన్ చేయండి. 2020 సెప్టెంబర్‌లో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో లోపం బయటపడింది. అప్పటికి అది ఏడు లక్షలకు పైగా సైట్లలో ఉంది. లాగిన్ కూడా లేకుండా సర్వర్లోకి పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్లో నడిచే ప్రోగ్రామ్) ఎక్కించే వీలు దొరికింది. 6.9 వెర్షన్‌తో సరిచేశారు, ఆ లోపు చాలా సైట్లు పోయాయి. వాడని ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేసి వదిలేయొద్దు. దాని ఫైళ్ళు సర్వర్లోనే ఉంటాయి, నేరుగా వాటినే పిలవొచ్చు. డిలీట్ చేయండి. రెండేళ్ళుగా అప్‌డేట్ రాని ప్లగిన్‌కి బదులు వేరేది చూసుకోండి. ఉచితంగా ఇచ్చే "ప్రీమియం" థీమ్‌లు కంప్యూటర్లో క్రాక్ లాంటివే. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్వేర్ ఏళ్ళ తరబడి ఇలాంటి థీమ్‌ల ద్వారానే పాకింది. ఒక సైట్‌లో థీమ్ వేస్తే, అదే హోస్టింగ్‌లో ఉన్న మిగతా సైట్లకూ అంటుకుంటుంది.

ఒకే అకౌంట్ కింద పది సైట్లు పెట్టేవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎప్పుడో టెస్టింగ్ కోసం చేసి మరిచిపోయిన సైట్ ద్వారా లోపలికొచ్చి క్లయింట్ సైట్లన్నీ తిరిగే అవకాశం ఉంది. మరిచిపోయినవి తీసేయండి, డబ్బు తీసుకుని చేసేవి వేర్వేరు అకౌంట్లలో పెట్టండి.

ఫోల్డర్లకు 755, ఫైళ్ళకు 644, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్‌కి 640 లేదా 600 పర్మిషన్ (ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో చెప్పే అంకె) ఉండాలి. ప్లగిన్ ఏదో పనిచేయట్లేదని అందరికీ అన్ని హక్కులిచ్చే 777 పెట్టమని ఎవరు చెప్పినా పెట్టొద్దు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫొటోలు, పీడీఎఫ్‌లు ఉండాలి కానీ పీహెచ్‌పీ నడవాల్సిన పని లేదు. ఆ ఫోల్డర్లో పీహెచ్‌పీ నడవకుండా చేయమని హోస్టింగ్ సపోర్ట్‌ని అడగండి. మంచి సెక్యూరిటీ ప్లగిన్లలో దీనికొక టిక్ బాక్స్ కూడా ఉంటుంది. హ్యాకర్ ఎలాగో ఫైల్ ఎక్కించినా ఇక అది అక్కడ నడవదు. ఇంత తేలికైన పని ఇంత ఫలితమివ్వడం అరుదు, తప్పక చేయండి.

వార్తలు, ఫొటోలు పెట్టేవాళ్ళకు ఎడిటర్ రోల్ చాలు. అడ్మిన్లు ఒకరిద్దరే ఉండాలి, ఇద్దరికీ ఆథెంటికేటర్ యాప్‌తో రెండో తాళం ఉండాలి. రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి పెట్టుకోండి. హోస్టింగ్ ప్యానెల్‌కీ, డొమైన్ కొన్న అకౌంట్‌కీ కూడా ఇదే. డొమైన్‌ని వేరే చోటికి మార్చకుండా ఆపే డొమైన్ లాక్ ఆన్‌లో ఉంచండి. ఆ అకౌంట్‌లో ఉన్న ఈమెయిల్ ఎప్పుడో మానేసిన వెబ్ డిజైనర్‌ది కాదు కదా అని చూసుకోండి.

సైట్ బ్యాకప్ జిప్‌ని పబ్లిక్ ఫోల్డర్లోనే వదిలేస్తే దాని పేరు ఊహించి ఎవరైనా దించుకుంటారు, అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్‌తో రోజూ వేరే చోటికి పంపి, కనీసం 60 రోజులవి ఉంచండి. హ్యాక్ జరిగిన చాలా రోజులకు గానీ బయటపడదు. వారం రోజుల బ్యాకప్‌లే ఉంటే వాటన్నింట్లోనూ మాల్వేర్ ఉండొచ్చు.

సైట్ హ్యాక్ అయ్యాక

"నాకు బాగానే కనిపిస్తోంది" అన్నది నమ్మొద్దు. చాలా మాల్వేర్ లాగిన్ అయిన అడ్మిన్‌కి ఏమీ చూపించదు. గూగుల్ నుంచి ఫోన్లో వచ్చినవాళ్ళను మాత్రమే బెట్టింగ్ సైట్‌కి తోసేస్తుంది. ఫోన్లో ఇన్‌కాగ్నిటో తెరిచి, గూగుల్‌లో మీ సైట్ పేరు వెతికి, ఆ ఫలితం నొక్కి చూడండి. మీ సైట్ పేరు కింద జపనీస్ అక్షరాలతో వేల పేజీలు కనిపిస్తే అది బాగా తెలిసిన స్పామ్ హ్యాకే.

శుభ్రమైన కంప్యూటర్ నుంచి హోస్టింగ్ పాస్‌వర్డ్ మార్చి, సైట్‌ని తాత్కాలికంగా మూయండి. ఇప్పుడున్న స్థితిని అలాగే ఒక కాపీ దించి ఉంచండి. ఏదైనా పొరపాటున చెరిపితే అదే దిక్కు. తర్వాత ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్ళు పంపే దారి), డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డులు మార్చండి. డేటాబేస్ పాస్‌వర్డ్ మారగానే డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో కూడా మార్చాలి, లేకపోతే సైట్ తెరుచుకోదు. అదే ఫైల్లో ఉండే 8 సీక్రెట్ కీలు, సాల్ట్‌లు (లాగిన్ కుకీలకు భద్రత ఇచ్చే రహస్య అక్షరాల వరసలు) కొత్తవి పెట్టండి. లోపల కూర్చున్న హ్యాకర్‌తో సహా అందరూ లాగౌట్ అవుతారు.

ఫైళ్ళను ఒక్కొక్కటీ తెరిచి మాల్వేర్ లైన్లు ఏరడం దండగ, ఒక్కటి మిగిలినా మళ్ళీ మొదటికే వస్తుంది. డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లు పూర్తిగా చెరిపి, వర్డ్‌ప్రెస్ అధికారిక సైట్ నుంచి తెచ్చినవి పెట్టండి. బయటున్న కోర్ ఫైళ్ళు కూడా డబ్ల్యూపీ-కాన్ఫిగ్ తప్ప అన్నీ మార్చండి. ప్లగిన్ల ఫోల్డర్లన్నీ చెరిపి కొత్తగా దించుకోండి. థీమ్ కూడా అంతే. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీ ఫైళ్ళు వెతికి తీసేయండి, సంవత్సరం, నెల పేరున్న ఫోల్డర్ల లోపల కూడా. ఎంయూ-ప్లగిన్స్ (తప్పనిసరిగా నడిచే ప్లగిన్లు) ఫోల్డర్ మరిచిపోవద్దు. అందులోవి మామూలు ప్లగిన్ల జాబితాలో కనిపించవు, ఆఫ్ చేసే బటనూ ఉండదు. హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ని (సర్వర్‌కి రూల్స్ చెప్పేది) చెరిపి, సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ సేవ్ చేస్తే మామూలుది మళ్ళీ తయారవుతుంది. మీరే అందులో పెట్టుకున్న రూల్స్ ఉంటే ముందే రాసి ఉంచుకోండి.

డేటాబేస్‌లో యూజర్స్ పట్టిక తెరిచి తెలియని అడ్మిన్లను తీసేయండి. డ్యాష్‌బోర్డ్‌లో కనిపించకుండా దాచినవాళ్ళు ఇక్కడ బయటపడతారు. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే సాధనం) ఓనర్ల జాబితా చూడండి. హ్యాకర్లు తమను తాము ఓనర్‌గా చేర్చుకుంటారు. ఆ పేరు తీసేసే ముందు వాళ్ళు వెరిఫికేషన్ కోసం పెట్టిన హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని సర్వర్ నుంచి తొలగించండి, లేదంటే మళ్ళీ చేరతారు. అన్నీ అయ్యాక సెక్యూరిటీ ఇష్యూస్‌లో రివ్యూకి పెట్టండి. సగం శుభ్రం చేసి పెడితే తిరస్కరిస్తారు, తర్వాతిసారి ఆలస్యమూ అవుతుంది.

తర్వాత నెల రోజులు, మీరు మార్చని ఫైళ్ళు మారుతున్నాయేమో వారానికి రెండుసార్లు ఫైల్ మేనేజర్లో తేదీల వారీగా చూడండి. మళ్ళీ వచ్చిందంటే మూడు చోట్ల వెతకాలి. ఒకటి, హోస్టింగ్ ప్యానెల్‌లోని క్రాన్ జాబ్‌లు, అంటే పెట్టిన వేళకు తమంతట తామే నడిచే పనులు. చెరిపిన ఫైల్‌ని గంటగంటకీ తిరిగి రాసే పని అక్కడ పెట్టి ఉంటారు. రెండోది, అదే అకౌంట్లోని పక్క సైట్. మూడోది, మీరు ఇప్పుడు లాగిన్ అయిన కంప్యూటర్.